పాలసీకి రాని పలక

జూన్ 3

బుడంకాయ్,

ఆఫీసులో నిన్నందరూ మేడం అంటున్నారని మా అన్నయ్య, అంటే మీ నాన్న, ఊరంతా చెప్పుకుంటున్నాడు. అయినా నాకు నువ్వు బుడంకాయవే. ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. ఇన్నేళ్ళు గాజు పలకలు అతికించీ అతికించీ నా వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఫోను తెర నా వేలిని వేలుగా ఒప్పుకోవడం లేదు. పోనీ మాట్లాడదామంటే, సగం చెప్పేసరికి మీ పిన్ని ఫోను లాక్కుని మిగతా సగం తనకి తోచినట్టు చెబుతుంది. ఇది అలా చెప్పే విషయం కాదు.

మొన్న ఆదివారం పళ్ళ డాక్టరుగారి చేపల తొట్టి పగిలింది. మేడ మీద రోగులు కూర్చునే గదిలో గోడ పొడుగునా ఉంటుంది, రెండేళ్ళ క్రితం నేనే చేసి పెట్టాను. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ చేపల్ని చూస్తూ కాస్త భయం మరిచిపోతారని డాక్టరుగారి నమ్మకం. ఈమధ్య ఒక మూల చెమ్మ కనిపిస్తోందంటే, చేపల్ని బకెట్లలో మా దుకాణానికి తెచ్చుకుని, పాత జిగురు గీకేసి కొత్తది పట్టించాను. అది వారం రోజులైనా ఆరాలి. సోమవారం జనం వస్తారు, ఖాళీ తొట్టి ఏం బాగుంటుందని డాక్టరుగారు తొందరపెట్టారు. నేను కాదనలేకపోయాను. శనివారం నీళ్ళు నింపాను. ఆదివారం మధ్యాహ్నం ఆ మూల విడిపోయింది.

నీళ్ళు డాక్టరుగారి గదిలో ఆగితే ఇంత బాధ లేదు. చెక్క నేల సందుల్లోంచి కిందకి దిగాయి. కింద సంగీతం టీచరమ్మ ఉంటుంది. ఆవిడ ఏదో పని మీద ఊరెళ్ళి, సాయంత్రం వచ్చి తలుపు తీసేసరికి, పైకప్పులోంచి నీళ్ళు సరిగ్గా పియానోలోకి కారుతున్నాయట. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క పియానోనే. దాని మీద పిల్లలకి పాఠాలు చెప్పుకునే బతుకుతోంది. ఇప్పుడు మీట నొక్కితే కిందకి దిగి అక్కడే ఉండిపోతోంది, పైకి రావడం లేదు.

నువ్వు పోరుపెట్టి నాచేత కట్టించిన పాలసీ ఉంది కదా. వ్యాపారంలో మనవల్ల ఇంకొకరి ఆస్తి పాడైతే కంపెనీ ఇచ్చుకుంటుందన్నావు. తొట్టి, డాక్టరుగారి నేల, పియానో, ఎర్ర చేప, అన్నీ రాయించు. ఎర్ర చేప సంగతి చెప్పలేదు కదూ. మా బకెట్లోంచి దూకి, తెల్లారేసరికి బల్ల కింద చచ్చిపడి ఉంది. కంపెనీ ఇవ్వకపోతే దుకాణం అమ్మైనా సరే ఆ పియానో బాగుచేయించాలి. నాకు వేరే దారి లేదు.

ఇట్లు, నీళ్ళలో ఉన్న
మీ బాబాయ్

జూన్ 8

బాబాయ్,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. ముందే ఒక మాట. నేను పనిచేసే కంపెనీ వేరు, నీ పాలసీ ఇచ్చిన కంపెనీ వేరు. అక్కడ నా మాట చెల్లదు. తెలిసింది చెప్పగలను, అంతే.

పాలసీ కాగితాల్లో మినహాయింపులని ఒక భాగం ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. నువ్వూ చదవలేదని నీ జాబితా చూడగానే తెలిసిపోయింది.

తొట్టి ఈ పాలసీ కిందకి రాదు. అది నువ్వు చేసిన వస్తువు, దాని అతుకు నీ పని. నీ పని చెడితే మళ్ళీ చేసిచ్చుకోవాల్సింది నువ్వే. ఎర్ర చేప రాదు. అది డాక్టరుగారిదే, కానీ ఆ రోజు నీ బకెట్లో ఉంది. ఇంకొకరి వస్తువు మన అధీనంలో, మన సంరక్షణలో ఉండగా పాడైతే ఈ పాలసీ వర్తించదు. డాక్టరుగారి నేల వస్తుంది. పియానో వస్తుంది. అవి నువ్వు చేసినవీ కావు, నీ చేతికిచ్చినవీ కావు. వాటి మానాన అవి ఉంటే నీ తొట్టి వెళ్ళి పాడుచేసింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. పైపైన తడి తుడవచ్చు, అంతకుమించి దేన్నీ ముట్టుకోకు. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చి చూసేదాకా ఎక్కడివక్కడ ఉండాలి. ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. తప్పంతా నాదే, నేనే ఇచ్చుకుంటానని ఎక్కడా సంతకం పెట్టకు. కంపెనీని అడక్కుండా అలా ఒప్పుకుంటే, వాళ్ళు తప్పుకోవడానికి దారి ఇచ్చినట్టవుతుంది. వెంటనే వాళ్ళకి కబురు చెయ్యి.

పిన్నిని అడిగానని చెప్పు. డాక్టరుగారి తొందరకి తల ఊపినందుకు నీ మీద నాకు కోపంగానే ఉంది.

మీ అమ్మాయి

జూన్ 9

బుడంకాయ్,

నీ జవాబు ఇంకా అందలేదు. మంచి కబురు ఉందని నేనే మళ్ళీ రాస్తున్నాను.

పియానోని మా దుకాణానికి తెచ్చేశాను. టీచరమ్మ గదిలో గోడలకి ఇంకా చెమ్మే. అక్కడ ఉంచితే అది ఈ జన్మలో ఆరదు. నలుగురు మనుషుల్ని పెట్టి బండెక్కించాం. మీ పిన్ని వీధి పొడుగునా ముందు నడుస్తూ వచ్చే పోయే బళ్ళని చెయ్యెత్తి ఆపింది. ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం తప్పిపోయిందని సాయంత్రందాకా బాధపడింది.

అతికించే ముందు గాజు మీద చెమ్మ లేకుండా ఆరబెట్టే వేడి దీపాలు మా దగ్గర నాలుగున్నాయి. పియానోకి చుట్టూ నాలుగూ పెట్టాను. గంటగంటకీ లేచి వాటిని కాస్త జరుపుతున్నాను. జ్వరం వచ్చిన మనిషికి కూడా ఇంత సేవ చేసి ఉండను. టీచరమ్మ పొద్దున్న వచ్చి చూసి, "మీ చేతిలో పెట్టాక నాకింక బెంగ లేదండీ," అంది. ఆ మాటతో సగం బరువు దిగింది. కంపెనీకి కూడా కబురు పంపించాను.

మీ బాబాయ్

జూన్ 14

బాబాయ్,

దీపాలు ఆపు. ఇక్కడితో చదవడం ఆపి, ముందు వెళ్ళి అవి ఆపి రా.

వచ్చావా. ఇప్పుడు చదువు. నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎదురుపడి వెళ్ళిపోయాయి. నేను ముట్టుకోవద్దని రాసేసరికి నువ్వు దుకాణానికే తెచ్చుకున్నావు. ఎర్ర చేపకి ఏమని రాశానో చూడు, పియానోకీ అదే వర్తిస్తుంది. నీ గడప దాటి లోపలికి వచ్చిన దగ్గర్నుంచి అది నీ సంరక్షణలో ఉన్న వస్తువు. ఇక దానికి నీ దుకాణంలో ఏం జరిగినా పాలసీకి సంబంధం లేదు. టీచరమ్మగారు మీ చేతిలో పెట్టానని ఎంత ప్రేమగా అన్నారో, మినహాయింపుల్లో కూడా దాదాపు ఆ మాటే ఉంటుంది.

సర్వేయరు వస్తే నీళ్ళవల్ల ఏమేం పాడైందో అది గట్టిగా చెప్పు. తొందరగా రాయి, నాకు ఇక్కడ పని మీద ధ్యాస లేదు.

మీ అమ్మాయి

జూన్ 19

అమ్మాయ్,

దీపాలు ఆపాను. కానీ నీ ఉత్తరం చేరేలోపే జరగాల్సింది జరిగిపోయింది. పియానో ముందు పలక, అదే, మీటల పైన నిలువుగా ఉండే పెద్ద చెక్క, పై నుంచి కిందిదాకా పగిలింది. నీళ్ళు చెయ్యనిది నేను చేశాను.

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. రాదు, వర్తించదు, సంబంధం లేదు, ముట్టుకోకు, మాటివ్వకు. చిన్నప్పుడు మా దుకాణంలో గాజు ముక్కలు ఏరుకుని రంగురంగులుగా పేర్చుకునే పిల్లవి, ఇన్ని వద్దులు ఎక్కడ నేర్చుకున్నావు?

నువ్వు ఎవరికీ మాటివ్వొద్దన్నావని నేను టీచరమ్మతో మాట్లాడ్డమే మానేశాను. మొన్న దుకాణానికి వచ్చింది. ఏం చెప్పాలో తోచక ఒక పెద్ద తొట్టి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. నాలుగు వైపులా గాజు ఉన్న తొట్టి వెనక దాక్కునే తెలివితక్కువవాణ్ణి నన్నే చూస్తావు నువ్వు. ఆవిడ నన్ను చూసింది. చూసిందని నాకు తెలుసు. ఇద్దరం చూడనట్టే ఉన్నాం. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఒకరి ముందు తల దించుకునే పని నేను చెయ్యలేదు.

"పలక కూడా నీళ్ళకే పగిలిందని చెప్పెయ్యండి, వాళ్ళెవరైనా చూడొచ్చారా," అంటోంది మీ పిన్ని. తనంటే నా మీద బెంగతో అంది. చదువుకున్నదానివి, నువ్వూ నీళ్ళ సంగతే గట్టిగా చెప్పమని రాశావు. అంటే దీపాల సంగతి మింగెయ్యమనే కదా. అది నావల్ల కాదు.

దుకాణం, గాజు కోసే మిషను కలిపి అడుగుతున్నవాడు ఒకడున్నాడు. వచ్చే నెల చివరికి చెబుతానన్నాను. ఆవిడకి వేరే పియానో కొనిచ్చేస్తే నాకు నిద్ర పడుతుంది.

బాబాయ్

జూన్ 24

బాబాయ్,

నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మర్నాటికి కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ తగ్గాక రాస్తున్నాను.

నిన్ను అబద్ధం చెప్పమని నేనెప్పుడు రాశాను? నీళ్ళవల్ల పాడైనదాన్ని గట్టిగా చెప్పమన్నాను. నువ్వు ఏం జరిగినా మొత్తం నెత్తినేసుకునే రకానివి. పలక పగిలిందన్న బాధలో, లోపల పాడైందంతా కూడా నా దీపాలవల్లేనని ఒప్పేసుకుంటావని నా భయం. దీపాల సంగతి దాచమనలేదు. దాస్తే నీళ్ళ సంగతి కూడా నమ్మరు. సర్వేయరు గడప తొక్కగానే నువ్వే ముందు చెప్పు.

టీచరమ్మగారితో మాట్లాడొద్దని నేను రాయలేదు. సంతకం పెట్టొద్దన్నాను. మనిషికి క్షమాపణ చెప్పుకోవడం వేరు, ఎంతైనా ఇచ్చుకుంటానని కాగితం రాసివ్వడం వేరు. నువ్వు మొదటిది మానేసి కూర్చున్నావు. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళి ఆవిడతో మాట్లాడు.

ఇక అసలు సంగతి. పియానో మొత్తం చేజారిపోయిందనుకోకు. ఒకే వస్తువులో కూడా ఏది ఎక్కడ, దేనివల్ల పాడైందో విడదీసి చూస్తారు. ఆవిడ గదిలో ఉండగా నీళ్ళకి పాడైంది వస్తుంది. నీ దుకాణంలో దీపాలకి పగిలింది రాదు. విడదీసి చెప్పగలిగినవాళ్ళు కావాలి. మీ ఊళ్ళో పియానోలు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే సర్వేయరు ముందు విప్పించు. బండెక్కించక ముందు, ఆవిడ గదిలో తీసిన ఫోటో ఒక్కటైనా దొరుకుతుందేమో అడుగు. దుకాణం అమ్మే మాట అప్పటిదాకా ఎత్తకు.

వద్దులు ఎక్కడ నేర్చుకున్నావన్నావు. జీతం తీసుకుని నేర్చుకున్నాను బాబాయ్. ఆ మాట మాత్రం బాగా గుచ్చుకుంది.

నీ అమ్మాయి

జూలై 4

బుడంకాయ్,

ముందు నీ కోపం తగ్గడానికి ఒక కబురు. ఫోటో దొరికింది. మీ పిన్ని తీసిందే. "వాళ్ళ గది ఎంత పాడైందో మా అక్కయ్యకి చూపిద్దామని తీశాను," అంది. అందులో పియానో మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, ముందు పలక చెక్కుచెదరకుండా ఉంది. దీపాల సంగతి మింగెయ్యమన్న మనిషే పలక అప్పటికి బాగుందని సాక్ష్యం తెచ్చింది. ఆ మాట అంటే నా మీదకి గరిటె ఎత్తింది.

సర్వేయరు బుధవారం వచ్చాడు. చెప్పులు విప్పకముందే చెప్పేశాను, పలక పగలగొట్టింది నా దీపాలని. ఆయన అది రాసుకుని, "మంచిది, ఇక మిగతాది చూద్దాం," అన్నాడు. పియానోలు బాగుచేసే ముసలాయన వచ్చి ముందు పలక తీసి పక్కన పెట్టాడు. లోపల సుత్తుల్లాంటివి వరసగా ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదు. మీట నొక్కితే అవి వెళ్ళి తీగల్ని కొడతాయి. వాటికి చుట్టిన ఉన్ని నాని ఉబ్బిపోయింది, తీగలకి తుప్పు పట్టింది. ఇదంతా నీళ్ళ పనేనని, దీపాలవల్ల పోయింది ఆ పలక ఒక్కటేనని ఆయన ఒక్కో భాగం చూపించి చెప్పాడు. సర్వేయరు రాసుకున్నాడు.

టీచరమ్మని నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. వాళ్ళందరూ వెళ్ళిపోయాక, "అమ్మా, నాది తప్పు. తొందరపడి నీళ్ళు నింపాను, తెలియని పనికి దీపాలు పెట్టాను, పైగా మొహం చాటేశాను. మూడోది అన్నిటికన్నా తప్పు," అన్నాను.

ఆవిడ ఏమందో తెలుసా. "మీకు నా మీద కోపమనుకున్నానండీ. ఆ రోజు నేను పియానో పై మూత తెరిచి ఊరెళ్ళిపోయాను. మూసి ఉంటే లోపలికి ఇన్ని నీళ్ళు పోయేవి కావు. అది మీకు తెలిసి నాతో మాట్లాడ్డం లేదేమోనని, ఇన్నాళ్ళూ నాలో నేను కుమిలిపోతున్నాను." ఇద్దరం చెరో బల్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. ఆవిడ కాస్త ఏడ్చింది కూడా. పాఠాలు ఆపలేదట. పిల్లల్ని బల్ల మీద వేళ్ళు ఆడించమని, తనే నోటితో స్వరం పలుకుతోందట. కానీ ఇద్దరు పిల్లలు ఇప్పటికే మానేశారట.

నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. మీ పిన్ని, నేను ఇద్దరం బాగానే ఉన్నాం. జవాబు కోసం చూస్తూ,

మీ బాబాయ్

జూలై 10

బాబాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి పక్క సీటు ఆవిడకి చదివి వినిపించాను. తొట్టి వెనక దాక్కున్న సంగతి మాత్రం దాచాను.

ఇంకా ఏమీ తేలలేదని గుర్తుపెట్టుకో. సర్వేయరు రాసింది కంపెనీ ఒప్పుకోవాలి. అయినా నాకు ఆశగానే ఉంది. వచ్చే ఏడు పాలసీ తిరిగి కట్టేటప్పుడు, ఇతరుల వస్తువులు నీ దుకాణంలో ఉన్నప్పుడు కూడా వర్తించేలా విడిగా ఒకటి చేర్పించుకుందాం. కాస్త ఎక్కువ కట్టాలి. నీలాంటివాడికి అది తప్పదు. ఎవరి వస్తువు కష్టంలో ఉన్నా నువ్వు ఇంటికి తెచ్చుకుంటావు.

ఇంకో సంగతి. నేను రోజూ రాసే పని ఏమిటో నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరికి ఏది రాదో చెబుతూ ఉత్తరాలు రాస్తాను. నిన్న ఒక రంగుల మేస్త్రికి రాయాల్సి వచ్చింది. ఆయన తలుపుకి వేసిన రంగు పాడైంది, అది రాదు. ఆ రంగు కారి పక్కనున్న సోఫా పాడైంది, అది వస్తుంది. ఎప్పటిలాగే రాదు అన్నదానితో మొదలుపెట్టాను. నీ వద్దుల మాట గుర్తొచ్చి చించేశాను. వచ్చేది ఏమిటో ముందు రాశాను, రానిది తర్వాత రాసి, ఎందుకు రాదో ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. మా మేనేజరు చదివి కళ్ళజోడు సర్దుకుని, "ఇలా రాసినా నిజం మారలేదు కదా," అని సంతకం పెట్టారు. నాకు సంతోషమేసింది బాబాయ్. నీచేత తిట్లు తినకపోతే తోచేది కాదు.

బుడంకాయ

జూలై 31

బుడంకాయ్,

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చి రెండు వారాలైంది, పనంతా అయ్యాకే నీకు రాద్దామని ఆగాను. డాక్టరుగారి నేలకి ఒప్పుకున్నారు. పియానో లోపలి మరమ్మతు మొత్తానికీ ఒప్పుకున్నారు. తొట్టికి, ముందు పలకకి వర్తించదని రాశారు. చేప గురించి నేనే అడగలేదు. వాళ్ళ ఉత్తరం రాదు అన్నదానితోనే మొదలైంది. వాళ్ళకి నీలాంటి అమ్మాయి లేదని మీ పిన్నితో అన్నాను.

ముసలాయన పదిరోజులు కూర్చుని లోపలంతా కొత్తది చేశాడు. మిగిలింది పలక. అలాంటి చెక్క దొరకాలంటే నెలలు పడుతుందన్నాడు. అప్పటిదాకా తెరిచి ఉంచితే లోపల దుమ్ము పడుతుంది. నాకు తెలిసింది గాజే కదా, అడిగి చూశాను. "లోపల దేనికీ తగలకుండా, అదరకుండా బిగిస్తానంటే పెట్టుకో," అన్నాడాయన. కొలతలు ఆయనే ఇచ్చాడు. గట్టిపరిచిన మందపాటి గాజు తెప్పించాను, అంచులు నున్నగా అరగదీశాను, చుట్టూ మెత్తటి పట్టీ వేశాను. ఈసారి పట్టీ జిగురు పూర్తిగా ఆరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. డాక్టరుగారు కొత్త తొట్టి ఎప్పుడిస్తావని రెండుసార్లు మనిషిని పంపించారు. అది ఆరాక అన్నాను. ఆయనకే కాదు, నాకు కూడా ఆ మాట కొత్తగా వినిపించింది.

నిన్న దుకాణంలోనే బిగించాం. టీచరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, కూర్చుని వాయించింది. గాజు వెనక సుత్తులన్నీ ఒకదాని వెంట ఒకటి లేచి పడుతున్నాయి. పిల్లలు వినడం మాని గాజుకి ముక్కులు ఆనించారు. మానేసిన ఇద్దరిలో ఒక పిల్ల కూడా వచ్చింది. తప్పు మీట నొక్కితే ఏ సుత్తి లేస్తుందో చూడాలని కావాలనే తప్పులు వాయించింది, టీచరమ్మ ఏమీ అనలేదు. చెక్క పలక దొరికితే చెబుతానని ముసలాయన అంటే, ఆవిడ, "వద్దండీ, ఇదే ఉండనివ్వండి," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ పిన్నికి కనిపించకుండా మిషను తుడుస్తున్నట్టు అటు తిరిగాను. సాయంత్రానికి పియానోని ఆవిడ గదికి చేర్చేశాం.

దుకాణం అడిగినవాడు ఇవాళ పొద్దున్న వచ్చాడు. టీచరమ్మ కూడా అప్పుడే గాజు తుడవడానికి ఏ గుడ్డ వాడాలో కనుక్కుందామని వచ్చింది. గుడ్డ సంగతి చెప్పి, ఇంకో సంగతి కూడా ముందే చెప్పేశాను. అమ్మా, ఈ పలక నేను చేసిన వస్తువు, ఇది పగిలితే కంపెనీ ఇవ్వదు, మినహాయింపు అన్నాను. "మరి పగిలితే ఎలాగండీ," అంది. "నేనే వచ్చి ఇంకోటి వేస్తాను. దుకాణం ఎక్కడికీ పోవడం లేదుగా," అన్నాను. కొనడానికి వచ్చినవాడు అది విని, కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకున్నాడు.

మీ బాబాయ్